మేడం క్యూరీ చలనచిత్రం – మనం గమనించవలసిన విషయాలు
(మన సంఘం మాసిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మహిళా ప్రత్యేక సంచిక వెలువరిస్తున్నాం, ఆ సందర్భంగా మీరు నాలుగు మాటలు మాట్లాడాలని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు కొంచెం తటపటాయించాను. ముప్పయ్యారేళ్ళ సర్వీసులో నేను రాసినవన్నీ నోట్ ఫైళ్ళే గాని వ్యాసాలు కావు. "పోనీ ఈ మధ్య చూసిన మంచి సినిమా ఏదైనా ఉంటే దాని గురించే చెప్పండి" అన్నారు ఆయన. సినిమా అంటే మన తరానికి మాయాబజార్, లవకుశ. వాటి గురించి నేను చెప్పనక్కరలేదు, మీకందరికీ కంఠతా వచ్చినవే. అందుకని ఇంటర్మీడియెట్ చదువుతున్న మా మనవరాలు తన కంప్యూటరులో నాకు చూపించిన ఒక పాత ఇంగ్లీషు సినిమా గురించి మాట్లాడదలచుకున్నాను. దాని పేరు "మేడం క్యూరీ".

మేడం క్యూరీ పేరు మనకు బడి రోజులనుంచీ తెలిసినదే. రేడియం కనిపెట్టిన మహాతల్లి. రెండుసార్లు నోబెల్ బహుమతి అందుకున్న మనిషి. మన జ్ఞాపకం సాధారణంగా అంతటితో ఆగిపోతుంది. సినిమా చూసిన తరువాత నాకు ఆవిడ జీవితం గురించి ఇంకా తెలుసుకోవాలనిపించి కొన్ని పుస్తకాలు తిరగేశాను. సినిమాలో ఉన్నదేమిటి, లేనిదేమిటి, ఆ లేనిదానిలో మన పెన్షనర్లకు పనికివచ్చేదేమిటి అన్న మూడు విషయాలూ మీకు మనవి చేస్తాను.

సినిమా సంగతి

ఈ చిత్రం 1943 డిసెంబరులో అమెరికాలో విడుదలైంది. మెట్రో గోల్డ్విన్ మేయర్ కంపెనీ వారు తీశారు. దర్శకుడు మెర్విన్ లెరాయ్. మేరీ క్యూరీగా గ్రీర్ గార్సన్, భర్త పియేర్ క్యూరీగా వాల్టర్ పిడ్జన్ నటించారు. అప్పట్లో ఆ జంటకు మంచి పేరు. ఈ చిత్రానికి ఏడు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి గాని ఒక్క బహుమతి కూడా రాలేదు. రెండు గంటలు దాటిన నలుపు తెలుపు చిత్రం. పాటలు, పోరాటాలు లేవు. అయినా మా ఇంట్లో మధ్యలో ఎవరూ లేచి వెళ్ళలేదు.

దీనికి ఆధారం మేరీ క్యూరీ చిన్న కూతురు ఈవ్ క్యూరీ 1937లో ప్రచురించిన జీవిత చరిత్ర. ఈవ్ శాస్త్రవేత్త కాదు. పియానో వాయించేది, పత్రికలకు రాసేది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో యుద్ధ విలేఖరిగా తిరుగుతూ 1942లో మన దేశానికి కూడా వచ్చి గాంధీగారిని, నెహ్రూగారిని కలుసుకుంది. 102 ఏళ్ళు జీవించి 2007లో కన్నుమూసింది.

పారిస్ నగరంలో ఒక తరగతి గదిలో కథ మొదలవుతుంది. పోలండు దేశంనుంచి వచ్చిన పేద విద్యార్థిని ఆకలితో కళ్ళు తిరిగి పడిపోతుంది. ఒక ప్రొఫెసరుగారు జాలిపడి, పియేర్ క్యూరీ ప్రయోగశాలలో ఆమె పని చేసుకోవడానికి చోటు ఇప్పిస్తారు. ఆడపిల్ల వస్తోందంటే పియేర్ గారికి మొదట చిరాకే. క్రమంగా ఆమె పనితనం చూసి గౌరవం, ఆ తరువాత ప్రేమ, పెళ్ళి. ఇద్దరూ కలిసి కారుతున్న కప్పు కింద, పాత షెడ్డులో సంవత్సరాల తరబడి ఖనిజం మరిగిస్తారు. చివరికి గిన్నె అడుగున ఏమీ మిగలక ఒక మరక మాత్రం కనిపిస్తుంది. నిరాశతో ఇంటికి వెళ్ళిపోతారు. అర్ధరాత్రి మేరీకి ఏదో తట్టి ఇద్దరూ తిరిగి వచ్చి తలుపు తీస్తే, చీకట్లో ఆ మరక వెలుగుతూ ఉంటుంది. అదే రేడియం. ఆ సన్నివేశం దగ్గర మా ఆవిడ "అమ్మయ్య" అని పైకే అనేసింది.

నిజానికి అది ఒక్క రాత్రిలో జరిగిన అద్భుతం కాదు. సినిమా వారికి ఒక్క రాత్రి కావాలి, విజ్ఞానానికి ఏళ్ళు కావాలి. 1898 జూలైలో పొలోనియం, అదే సంవత్సరం డిసెంబరులో రేడియం ఉన్నాయని దంపతులు ప్రకటించారు. కాని "ఉంది" అని చెప్పడం వేరు, పదార్థాన్ని చేతిలో పెట్టి చూపించడం వేరు. బొహీమియా ప్రాంతంలోని జోఖిమ్‌స్తాల్ గనుల్లో యురేనియం తీసేశాక పారబోసిన పిచ్‌బ్లెండు చెత్తను బస్తాలలో తెప్పించుకున్నారు. ఒక్కో విడత ఇరవై కిలోల వరకు పెద్ద పాత్రల్లో మరిగించి, దాదాపు తనంత ఎత్తున్న ఇనుప కడ్డీతో మేరీయే కలిపేది. మన ఊళ్ళలో పెళ్ళిళ్ళకు గాడిపొయ్యి దగ్గర గుండిగలో పులుసు తిప్పే వంటవాళ్ళను చూశాము గదా, అటువంటి చాకిరీ నాలుగేళ్ళు. టన్నుల కొద్దీ ఖనిజం కరిగిస్తే 1902 నాటికి చేతికి వచ్చిన రేడియం లవణం గ్రాములో పదో వంతు. రాత్రిపూట షెడ్డుకు వెళ్ళి, బల్లలమీద సీసాలు మెరుస్తుంటే చూసి సంతోషించడం మాత్రం వారికి నిజంగానే ఉన్న అలవాటు.

యురేనియం అంటే మనకేమీ పరాయి మాట కాదు. మన కడప జిల్లా తుమ్మలపల్లెలో ఆ ఖనిజమే తవ్వుతున్నారు. హైదరాబాదులోని అణు ఇంధన సముదాయం పేరు మీరు వినే ఉంటారు. ఈ విద్యకంతటికీ పునాది వేసినవారిలో ఆ షెడ్డులో కడ్డీ తిప్పిన ఇల్లాలు ఒకరు.

సినిమాలో లేని అమ్మాయి

సినిమా ఆమె బాల్యం జోలికి పోలేదు. అసలు పేరు మరియా స్క్లొదోవ్‌స్కా. 1867 నవంబరు 7న వార్సా నగరంలో పుట్టింది. తండ్రి లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు. అప్పుడు ఆ ప్రాంతం రష్యా జారు చక్రవర్తి పాలనలో ఉండేది. పదేళ్ళ వయసులో తల్లి క్షయతో పోయింది. అంతకుముందే అక్క ఒకతె టైఫస్ జ్వరంతో పోయింది. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు ప్రవేశం లేదు.

అప్పుడు అక్కాచెల్లెళ్ళు ఒక ఒప్పందం చేసుకున్నారు. అక్క బ్రోన్యా ముందు పారిస్ వెళ్ళి వైద్యం చదువుతుంది. చెల్లెలు సంపన్నుల ఇళ్ళలో పిల్లలకు చదువు చెబుతూ, అక్కకు డబ్బు పంపుతుంది. అక్క స్థిరపడ్డాక చెల్లెల్ని పిలిపించుకుంటుంది. ఆ మాట ఇద్దరూ నిలబెట్టుకున్నారు. 1891లో మేరీ పారిస్ చేరేసరికి ఆమెకు ఇరవై నాలుగో ఏడు. 1893లో భౌతికశాస్త్రం పట్టా పరీక్షలో మొదటి స్థానం, మరుసటి ఏడు గణితంలో రెండో స్థానం. 1895 జూలైలో పియేర్‌తో వివాహం. పెళ్ళి తరువాత ఇద్దరూ సైకిళ్ళమీద పల్లెలు తిరిగి వచ్చారు.

మన ఇళ్ళలోనూ ఒకరి చదువు కోసం ఇంకొకరు ఉద్యోగం చేసిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉన్నారు. ఈ హాలులో కూర్చున్నవారిలోనే తమ్ముళ్ళ ఫీజుల కోసం పద్దెనిమిదో ఏట టైపు పరీక్ష పాసై గుమాస్తాలుగా చేరినవారు నాకు నలుగురు తెలుసు. వారికి ఈ కథ ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఒక తాతగారి సేవ

ఇక్కడ మన వయసు వారికి నచ్చే మనిషి ఒకరున్నారు. సినిమాలో హెన్రీ ట్రావర్స్ ఆ పాత్ర వేశారు. ఆయన పియేర్ తండ్రి, డాక్టరు యూజీన్ క్యూరీ. 1897లో మేరీకి పెద్ద కూతురు ఐరీన్ పుట్టింది. ఆ వెంటనే ఈ పెద్దాయన భార్య చనిపోయింది. ఆయన కొడుకు ఇంటికి వచ్చి చేరారు. పసిపిల్లను ఆయన చేతుల్లో పెట్టి కోడలు పరిశోధనకు వెళ్ళగలిగింది. రేడియం కనిపెట్టిన ఏడాదంతా ఆ ఇంట్లో తాతగారి పెంపకమే.

కొడుకు చనిపోయిన తరువాత కూడా ఆయన కోడలి దగ్గరే ఉండిపోయారు. 1910లో కన్నుమూసేవరకు మనవరాళ్ళకు తోడు ఆయనే. ఐరీన్‌కు చెట్టూ చేమా, పుస్తకాలు, లోకజ్ఞానం పరిచయం చేసింది ఆయనే. ఆ పిల్ల పెద్దదై, భర్త ఫ్రెడరిక్ జోలియోతో కలిసి 1935లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకుంది. ఆ దంపతులే 1950 జనవరిలో మన దేశానికి వచ్చారు. కలకత్తాలో మేఘనాథ్ సాహాగారి అణు భౌతికశాస్త్ర సంస్థను ఐరీన్ ప్రారంభించింది.

మనవల్ని చూసుకోవడం రిటైరైనవాడికి పని లేక అంటగట్టిన పని అని మనలో కొందరు విసుక్కుంటూ ఉంటారు. డాక్టరు యూజీన్ గారికి నోబెల్ బహుమతి ఎవరూ ఇవ్వలేదు. కాని ఆ ఇంటికి వచ్చిన బహుమతుల్లో ఆయన వాటా ఉందని నేను అనుకుంటాను.

ఫైలులో లేని పేరు

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. సినిమాలో భార్యాభర్తలు అన్నిచోట్లా సమానంగా కనబడతారు. బయటి లోకంలో అలా లేదు. 1903 నోబెల్ బహుమతి కోసం ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ సభ్యులు కొందరు స్వీడన్‌కు పంపిన సిఫారసు లేఖలో హెన్రీ బెకరెల్ పేరు ఉంది, పియేర్ క్యూరీ పేరు ఉంది. మేరీ పేరు లేదు. పని చేసింది ఆవిడ, పేరు ఎక్కింది ఆయనది.

స్వీడన్ గణితవేత్త మిట్టాగ్-లెఫ్లర్ ఈ సంగతి గమనించి పియేర్‌కు ముందుగానే తెలియజేశారు. పియేర్ ఊరుకోలేదు. ఇచ్చేటట్లయితే ఇద్దరినీ కలిపి పరిగణించాలన్న భావంతో వెంటనే జవాబు రాశారు. ఆ ఉత్తరం వల్ల బహుమతిలో మేరీ పేరు చేరింది. నోబెల్ బహుమతి పొందిన మొదటి మహిళ అని ఇవాళ మనం చెప్పుకుంటున్నామంటే, ఒక గణితవేత్త అప్రమత్తత, ఒక భర్త వేళకు రాసిన ఉత్తరం కారణాలు. 1905లో స్టాక్‌హోంలో ఉపన్యాసం ఇచ్చింది పియేర్. మేరీ శ్రోతల్లో కూర్చుంది. అయితే ఏ పని మేడం క్యూరీ చేసిందో ఆయన ఆ ఉపన్యాసంలోనే చెప్పారు.

గుమాస్తాగా నాకు ఇది బాగా అర్థమైన సంగతి. కాగితంమీద లేని మనిషి ఆఫీసుకు లేని మనిషే. ఎంత చాకిరీ చేసినా, ఎంత అర్హత ఉన్నా, ఫైలులో పేరు లేకపోతే సంతకం చేసేవాడికి కనబడదు. పేరు చేర్చవలసినవాడు బతికి ఉండగా చేర్చాలి. పియేర్ ఆ ఉత్తరం రాసింది 1903లో. ఆ తరువాత మూడేళ్ళు కూడా ఆయన జీవించలేదు.

1906 ఏప్రిల్ 19. వాన పడుతున్న రోజు. పారిస్‌లో దోఫీన్ వీధి దాటుతూ పియేర్ జారిపడి గుర్రపు బండి చక్రాల కింద నలిగిపోయారు. సినిమాలో భార్యకు చెవి దుద్దులు కొనడానికి వెళ్ళి తిరిగి వస్తున్నట్టు చూపించారు. అది కథ కోసం అల్లినది. వాన, బండి, మరణం మాత్రం నిజం. మేరీకి అప్పుడు ముప్పయ్యెనిమిదేళ్ళు. చేతిలో ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె, ఏడాదిన్నర నిండని పిల్ల ఒకతె.

పెన్షను వద్దన్న వితంతువు

ఫ్రెంచి ప్రభుత్వం ఆ వితంతువుకు పెన్షను ఇస్తామంది. మన భాషలో చెప్పాలంటే ఫ్యామిలీ పెన్షన్. ఆవిడ వద్దంది. నేను పని చేయగలను, నా పిల్లల్ని నేను పోషించుకోగలను అని ఆవిడ అభిప్రాయం. అప్పుడు విశ్వవిద్యాలయం వారు భర్త చేస్తున్న బోధన బాధ్యతను ఆవిడకు అప్పగించారు. సోర్బాన్‌లో అంతవరకు ఆడమనిషి ఎవరూ పాఠం చెప్పలేదు.

1906 నవంబరు 5న మొదటి పాఠం. హాలు కిక్కిరిసిపోయింది. విద్యార్థులకంటే వింత చూడవచ్చినవారే ఎక్కువ. భర్తను తలుచుకుని కంటతడి పెడుతుందని, రివాజు ప్రకారం ముందు నాలుగు పొగడ్త మాటలు చెబుతుందని ఎదురుచూశారు. ఆవిడ వచ్చి, పియేర్ తన పాఠం ఏ చోట ఆపారో సరిగ్గా ఆ చోటనుంచి అందుకుని చెప్పుకుపోయింది. మనం ఛార్జి తీసుకున్నప్పుడు పాతవారు ఆపిన పేరా కిందనే తరువాతి పేరా నంబరు వేసి నోటు కొనసాగిస్తాము గదా, అలాగు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆవిడ పెన్షను వద్దన్నది గనుక పెన్షను తీసుకోవడం చిన్నతనం అని ఎవరూ అర్థం చేసుకోకూడదు. ఆవిడకు చదువుంది, చేతిలో పని ఉంది, పని ఇవ్వడానికి సంస్థ ముందుకు వచ్చింది. పెన్షను దానం కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కనీ మన సుప్రీంకోర్టు 1982 డిసెంబరులో నకారా కేసు తీర్పులో చెప్పింది. ఆ తేదీని మనం ఏటా పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నాము.

పైగా కథ అక్కడితో అయిపోలేదు. రేడియం కనిపెట్టి ఇరవై అయిదేళ్ళు నిండిన సందర్భంగా 1923 డిసెంబరు 26న సోర్బాన్‌లో పెద్ద సభ జరిగింది. దేశాధ్యక్షుడు మిల్లెరాన్ హాజరయ్యారు. సినిమా ముగిసేది ఆ వార్షికోత్సవ సభతోనే. మేరీ వేదికమీద మాట్లాడుతుండగా తెర పడుతుంది. సినిమా చెప్పనిది ఏమంటే, ఆ సందర్భంగానే ఫ్రెంచి పార్లమెంటు ఒక చట్టం చేసి ఆవిడకు ఏడాదికి 40,000 ఫ్రాంకుల పెన్షను మంజూరు చేసింది. ఆవిడ తదనంతరం కూతుళ్ళిద్దరికీ అది చెందాలని కూడా రాసింది. ఈసారి ఆవిడ కాదనలేదు. 1906లో ఇవ్వబోయింది భర్త పోయినందుకు. 1923లో ఇచ్చింది ఆవిడ స్వయంగా చేసిన పనికి గుర్తింపుగా. ఈ రెండింటికీ తేడా మన సంఘంలోని సోదరీమణులకు నాకంటే బాగా తెలుసు.

మా ఆఫీసులో జరిగిన ఒక సంగతి చెబుతాను. పేరు చెప్పను, ఆవిడ అనుమతితోనే చెబుతున్నాను. సర్వీసులో ఉండగా మా సహోద్యోగి ఒకాయన గుండెపోటుతో పోయారు. భార్య డిగ్రీ మొదటి సంవత్సరంలో చదువు మానేసిన మనిషి. ఇద్దరు పిల్లలు. కారుణ్య నియామకం కోసం ఆవిడ ఒక కార్యాలయానికి ఎన్నోసార్లు తిరిగారు. ప్రతిసారీ అక్కడివారు "మీ తరఫున మగవాళ్ళెవరైనా ఉంటే పంపించమ్మా" అనేవారు. ఆఖరికి ఆవిడే రూల్సు పుస్తకం అడిగి తీసుకుని చదివి, ఏ కాగితం తక్కువైందో తానే కనిపెట్టి జతచేశారు. జూనియర్ అసిస్టెంటుగా చేరారు. రాత్రిళ్ళు చదివి అకౌంట్ టెస్టు మొదటిసారే పాసయ్యారు. సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. ఇవాళ మీలో ఎవరికి డి.ఆర్. లెక్క అర్థం కాకపోయినా ఆవిడ దగ్గరికే వెళుతున్నారు.

అవమానం, ధైర్యం

పియేర్ మరణానికీ, పాతికేళ్ళ ఉత్సవానికీ మధ్య పదిహేడేళ్ళున్నాయి. సినిమా వాటిని ఒక్క గంతులో దాటేసింది. ఆ పదిహేడేళ్ళలో ఏం జరిగిందో క్లుప్తంగా చెబుతాను.

1911 జనవరిలో ఆవిడ ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ సభ్యత్వానికి పోటీ చేసి స్వల్ప తేడాతో ఓడిపోయారు. ఆ అకాడమీ పూర్తి సభ్యురాలిగా ఒక మహిళను ఎన్నుకున్నది 1979లో. అంటే అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు పట్టింది. అదే 1911 చివర పత్రికలు ఆవిడ వ్యక్తిగత జీవితాన్ని వీధికెక్కించాయి. పాల్ లాంజెవిన్ అనే సహశాస్త్రవేత్తతో ఆవిడ స్నేహం గురించి పుంఖానుపుంఖాలుగా రాశాయి. సరిగ్గా అప్పుడే రసాయనశాస్త్రంలో రెండో నోబెల్ ప్రకటన వచ్చింది. స్వీడన్‌నుంచి ఒక పెద్దమనిషి, ఈ గొడవ తేలేదాకా మీరు రాకపోతే మంచిదని రాశారు. బహుమతి నా పనికి ఇచ్చారు, నా సొంత జీవితానికీ దానికీ సంబంధం లేదు అన్న భావంతో ఆవిడ జవాబిచ్చి, స్వయంగా వెళ్ళి అందుకున్నారు. ఆనాటి ఉపన్యాసంలో, ఏది పియేర్‌తో కలిసి చేసింది, ఏది తాను ఒంటరిగా చేసింది విడివిడిగా చెప్పారు. రికార్డు సరిగా ఉండాలన్న పట్టుదల అది.

1914లో యుద్ధం వచ్చింది. మోటారు బండ్లలో ఎక్స్‌రే యంత్రాలు అమర్చి గాయపడిన సైనికుల దగ్గరికి తీసుకువెళ్ళారు. తాను స్వయంగా బండి నడపడం నేర్చుకున్నారు. పదిహేడేళ్ళు నిండిన ఐరీన్ కూడా తల్లితో పనిలో దిగింది. మేరీ ఏర్పాటు చేసిన బండ్లు సుమారు ఇరవై, స్థిర కేంద్రాలు సుమారు రెండు వందలు.

1921లో అమెరికా మహిళలు చందాలు వేసుకుని లక్ష డాలర్లు పోగుచేసి ఒక గ్రాము రేడియం కొని ఆవిడకు బహూకరించారు. వైట్ హౌస్‌లో అధ్యక్షుడు హార్డింగ్ చేతుల మీదుగా ఇచ్చే ముందు దానపత్రం చూపించారు. అందులో రేడియం ఆవిడ సొంత ఆస్తి అయ్యేట్టు ఉంది. రేపు నేను చనిపోతే ఇది నా కూతుళ్ళ ఆస్తి అవుతుంది, అలా వీల్లేదు, ప్రయోగశాలకే చెందేట్టు ఈ రాత్రే మార్చాలి అని పట్టుబట్టారు. అప్పటికప్పుడు లాయరును పిలిపించి పత్రం సవరించారు. రేడియం తీసే పద్ధతికి పేటెంటు తీసుకోకుండా అందరికీ ప్రకటించేసిన మనిషి, ఒక గ్రాము రేడియం దగ్గర కాగితం భాష ఇంత జాగ్రత్తగా చూశారు.

ఇవేవీ 1943 చిత్రంలో లేవు. 2019లో మర్జాన్ సత్రాపి దర్శకత్వంలో "రేడియోయాక్టివ్" అని ఇంకో చిత్రం వచ్చింది. రోసమండ్ పైక్ మేరీగా నటించారు. అందులో 1911 గొడవ, యుద్ధంలో ఎక్స్‌రే బండ్లు ఉన్నాయి. రేడియోధార్మికత వల్ల తరువాతి కాలంలో కలిగిన హిరోషిమా, చెర్నోబిల్ విపత్తులు కూడా చూపించారు. పాత చిత్రం మనసుకు హాయిగా ఉంటుంది, కొత్త చిత్రం కలవరపెడుతుంది. వీలైతే రెండూ చూడండి, పాతది ముందు చూడండి.

ఆ కిరణాలు ఆవిడ ప్రాణాన్నే తీశాయి. 1934 జూలై 4న రక్తం ఉత్పత్తి కాని జబ్బుతో కన్నుమూశారు. ఆవిడ రాసుకున్న నోటు పుస్తకాలను ఇప్పటికీ సీసపు పెట్టెల్లో భద్రపరచవలసి వస్తోంది. 1995లో ఫ్రాన్సు ప్రభుత్వం దంపతుల భౌతిక అవశేషాలను దేశ మహనీయులుండే పాంథియన్‌కు తరలించింది. తన సొంత కృషి వల్ల అక్కడ చోటు పొందిన మొదటి మహిళ మేరీ క్యూరీ.

మనం చేయవలసినవి

ఇదంతా ఫ్రాన్సు కథ అని పక్కన పెట్టడానికి వీల్లేదు. 1933లో కమలా సోహోనీ అనే అమ్మాయి బొంబాయి విశ్వవిద్యాలయంలో డిగ్రీ పాసై బెంగుళూరు సైన్సు సంస్థలో సీటు అడిగితే, ఆడపిల్ల అన్న కారణంగా సర్ సి.వి. రామన్ అంతటివారు మొదట కాదన్నారు. ఆవిడ కదలలేదు. ఏడాదిపాటు పరీక్షార్థం చూస్తామన్న షరతుమీద చేరి, పని చూపించి మెప్పించారు. 1939లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం డాక్టరేటు అందుకున్నారు. సైన్సులో ఆ పట్టా పొందిన మొదటి భారతీయ మహిళ ఆవిడే.

అందుకని తోటి పెన్షనర్లకు రెండు విన్నపాలు. మొదటిది మనవరాళ్ళ గురించి. ఎంత దూరం చదివిస్తాములే, పెళ్ళి చేసి పంపేదే గదా అన్న మాట ఇంకా మన ఇళ్ళలో వినబడుతోంది. తల్లిదండ్రులు తటపటాయించిన చోట తాత మాటకు విలువ ఉంటుంది. ఆ మాట పిల్ల పక్షాన వాడండి. కోచింగు సెంటరుకు దిగబెట్టి తీసుకురావలసి వస్తే అదీ చేయండి. డాక్టరు యూజీన్ గారు చేసింది ఇంచుమించు అదే.

రెండవది, మరీ ముఖ్యమైనది. ఇంటికి వెళ్ళగానే మీ పెన్షన్ పేమెంట్ ఆర్డరు బయటికి తీయండి. అందులో మీ భార్య పేరు ఉందా? పెళ్ళికి ముందు ఇంటిపేరుతో ఉందా, తరువాతి ఇంటిపేరుతో ఉందా? పుట్టిన తేదీ ఆధార్ కార్డుతో సరిపోయిందా? ఇద్దరూ కలిసి దిగిన ఫోటో అంటించి ఉందా? బ్యాంకు ఖాతా జాయింటుగా ఉందా? తేడా ఉంటే ఇప్పుడే సవరణకు దరఖాస్తు పెట్టండి. మీరు ఉండగా అది ఒక అర్జీతో, రెండు నకళ్ళతో అయ్యే పని. మీరు పోయాక అదే పనికి ఆవిడ ఎన్ని మెట్లు ఎక్కి దిగవలసి వస్తుందో, ఈ హాలులో వెనుక వరుసలో కూర్చున్న సోదరీమణుల్ని అడిగితే చెబుతారు. ఉద్యోగం చేసి రిటైరైన సోదరీమణులు కూడా తమ ఆర్డర్లలో భర్త పేరు ఇదేవిధంగా సరిచూసుకోవాలి.

కాగితాలు ఎక్కడున్నాయో, ఏ ఖజానా కార్యాలయానికి వెళ్ళాలో, జీవన ధ్రువీకరణ పత్రం ఏ నెలలో ఇవ్వాలో మీ ఆవిడకు చెప్పండి. చెప్పడమే కాదు, ఒకసారి వెంటబెట్టుకుని వెళ్ళి చూపించండి. "ఇవన్నీ నీకెందుకు, నేను చూసుకుంటాను గదా" అనకండి. పియేర్ క్యూరీ భార్యను ఎంతగా మెచ్చుకున్నారన్నది ఇంట్లో సంగతి. ఆవిడకు రావలసినది వచ్చింది మాత్రం ఆయన వేళకు రాసిన ఒక్క ఉత్తరం వల్ల. మనవాళ్ళ కోసం మనం రాయవలసిన కాగితాలు అంతకంటే కష్టమైనవేమీ కావు.

సోదరీమణులు మన సమావేశాలకు వచ్చి వెనుక వరుసలో కూర్చుని, కాగితం ఇచ్చి వెళ్ళిపోవడం కాకుండా, ముందుకు వచ్చి మాట్లాడాలని కోరుతున్నాను. వచ్చే కార్యవర్గంలో ఫ్యామిలీ పెన్షనర్ల తరఫున కనీసం ఇద్దరికి చోటు కల్పించాలని అధ్యక్షులవారికి ఈ సభాముఖంగా ప్రతిపాదిస్తున్నాను. దీనిని ఈ రోజు మినిట్సులో నమోదు చేయవలసిందిగా కార్యదర్శిగారికి మనవి.